1/10 షార్ట్ కోర్స్ ట్రక్కుకి వాటర్‌ప్రూఫ్ స్టీరింగ్ సర్వో: 20 కేజీలు సరిపోతుందా, 35 కావాలా?

బురదబండి:
అందరికీ నమస్కారం. బండి 1/10 స్కేల్ రిమోట్ కంట్రోల్ షార్ట్ కోర్స్ ట్రక్, ఫోర్ వీల్ డ్రైవ్, 2ఎస్ లైపో (రెండు సెల్‌ల బ్యాటరీ). ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించేది) మీద బీఈసీ (రిసీవర్‌కీ సర్వోకీ కరెంటు ఇచ్చే భాగం) 6 వోల్టులు, 3 ఆంపియర్లు అని రాసి ఉంది. నడిపేదంతా తడి నేల, వాన నీళ్ల గుంటలు, మెత్తటి బురద.

బండితో పాటు వచ్చిన ప్లాస్టిక్ గేర్ల సర్వోలోకి (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు పెట్టె) నీళ్లు దిగినట్టున్నాయి. చక్రాలు తిన్నగా పెట్టినా వణుకుతున్నాయి, సెంటర్ ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ జరుగుతోంది. ఆరబెడితే తగ్గుతుంది, మళ్లీ తడవగానే మొదలు. దాన్ని తీసేసి మెటల్ గేర్ల వాటర్‌ప్రూఫ్ సర్వో వేయాలనుకుంటున్నాను. కొన్నిటి మీద ఐపీ67 అని ఉంది, కొన్నిటి మీద ఉత్తినే వాటర్‌ప్రూఫ్ అని ఉంది. రెండూ ఒకటేనా? 35 కేజీలది (షాఫ్ట్ నుంచి సెంటీమీటరు దూరంలో అంత బరువు లాగే బలం, అంటే టార్క్) తీసుకుంటే ఇంకెప్పుడూ మార్చక్కర్లేదని కొందరంటున్నారు. నిజమేనా? హార్న్ (సర్వో షాఫ్ట్ మీద కూర్చునే చెయ్యి) పాతదే పనికొస్తుందా?

గేర్‌బాక్స్:
ముందు ఆ వణుకు సంగతి. సర్వో లోపల పొటెన్షియోమీటర్ (పాట్) ఒకటి ఉంటుంది. షాఫ్ట్ ఎంత తిరిగిందో సర్క్యూట్‌కి చెప్పేది అదే. దాని పట్టీ మీద తడి చేరితే రీడింగ్ నిలకడగా రాదు. షాఫ్ట్ కదలకపోయినా కదిలిందనుకుని సర్క్యూట్ సరిచేస్తూనే ఉంటుంది, అదే మీకు కనిపించే వణుకు. ఆరాక తగ్గినా పట్టీ మీద మురికి అలాగే ఉండిపోతుంది, కాబట్టి ఆ సర్వో మీద ఆశ పెట్టుకోకండి.

ఐపీ67కీ ఉత్త వాటర్‌ప్రూఫ్ మాటకీ తేడా ఉంది. ఐపీలో మొదటి అంకె 6 అంటే దుమ్ము చొరబడదని. రెండో అంకె 7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచి పరీక్షించారని. వాటర్‌ప్రూఫ్ అన్న మాటకి అలాంటి కొలత ఏదీ లేదు. సర్క్యూట్ బోర్డుకి కోటింగ్ పూసి, కేసు అతుకుల్లో సీల్ ఏమీ పెట్టకుండా కూడా ఆ మాట రాసేస్తారు. అలాంటి దాంట్లో బోర్డు బతుకుతుంది. మోటారు బ్రష్‌లు, పాట్, బేరింగులు మాత్రం తడుస్తాయి.

ఐపీ67 అంటే కూడా చావు లేదని కాదు. ఆ పరీక్ష కదలని మంచినీళ్లలో, కొత్త సీల్ మీద జరుగుతుంది. నీళ్లకీ వస్తువుకీ వేడిలో తేడా 5 డిగ్రీలు దాటకూడదని ఆ పరీక్ష నియమం. మన బండి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పావుగంట బురదలో తిప్పితే సర్వో వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అలాగే తీసుకెళ్లి చల్లటి గుంటలో దించితే ఆ గాలి ఒక్కసారిగా కుంచించుకుని, సీల్ సందుల్లోంచి నీళ్లని లోపలికి లాక్కుంటుంది. సర్వోలోకి నీళ్లు ఎక్కువగా దిగేది ఇలాగే. లోతు మీటరు అక్కర్లేదు, జానెడు చాలు.

కొనేటప్పుడు చూడాల్సిన చోట్లు మూడు. కేసు సాధారణంగా మూడు ముక్కలు: పై మూత, మధ్య భాగం, అడుగు. రెండు అతుకుల్లోనూ రబ్బరు సీల్ ఉండాలి. వైరు బయటికొచ్చే చోట గట్టి రబ్బరు గ్రోమెట్ ఉండాలి, వైరు లాగితే అది కదలకూడదు. మూడోది అసలైనది: హార్న్ కింద, షాఫ్ట్ చుట్టూ ఓ-రింగ్. తిరిగే భాగం అదొక్కటే కాబట్టి అరిగే సీల్ కూడా అదొక్కటే. ఇసుక రేణువు ఒకటి అక్కడ చిక్కుకుంటే షాఫ్ట్ తిరిగినప్పుడల్లా రబ్బరుని కోస్తుంది.

పాట్ బదులు అయస్కాంత సెన్సర్ ఉన్న సర్వోలు కూడా దొరుకుతాయి. అందులో రాసుకునే పట్టీ ఉండదు కాబట్టి కాస్త తేమ చేరినా సెంటర్ జరగదు. మీరు నడిపే చోటుకి అది దొరికితే నేనైతే రెండో ఆలోచన లేకుండా అదే తీసుకోమంటాను.

ఆంపియర్:
గేర్‌బాక్స్ గారు సీల్ సంగతి బాగా చెప్పారు. నేను కరెంటు సంగతి చెబుతాను, 35 కేజీల ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

పెట్టె మీద పెద్దక్షరాలతో ఉండే 35 చాలాసార్లు 8.4 వోల్టుల దగ్గరి అంకె. మీ బీఈసీ ఇచ్చేది 6. టార్క్ సుమారుగా వోల్టేజీతో పాటే తగ్గుతుంది కాబట్టి 35ని 8.4తో భాగించి 6తో గుణించండి: 25 చుట్టుపక్కల వస్తుంది. వేగం కూడా పడిపోతుంది. 8.4 దగ్గర 60 డిగ్రీలకి 0.11 సెకన్లు అని రాసి ఉన్నది 6 దగ్గర 0.15 దాకా పోతుంది. అందుకే ఏ సర్వో చూసినా 6 వోల్టుల వరుసే చదవండి. ఆ వరుస లేకపోతే దాన్ని పక్కన పెట్టండి.

ఇక ఆంపియర్లు. చక్రం రాయికి తగిలి సర్వో కదలలేక ఆగినప్పుడు లాగేది స్టాల్ కరెంటు. 20 కేజీల తరగతి సర్వోలు 6 వోల్టుల దగ్గర మామూలుగా 2 నుంచి 3 ఆంపియర్లు లాగుతాయి. 35 కేజీలవి 4 కూడా దాటొచ్చు. మీ బీఈసీ 3. అంతకు మించి లాగితే వోల్టేజీ కూలుతుంది, రిసీవర్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. ఆ క్షణం బండి మీ చేతిలో ఉండదు. సర్వో పాడైందనుకుని మార్చేవాళ్లు చాలామంది, లోపం మాత్రం బీఈసీది.

మీ బండికి 6 వోల్టుల దగ్గర 15 నుంచి 20 కేజీలు, వేగం 0.15 దరిదాపుల్లో ఉంటే నిండుగా సరిపోతుంది. 35 కేజీలు 1/8 స్కేల్ ట్రగ్గీ బండ్లకీ, రాళ్ల మధ్య నిలబడి చక్రం తిప్పాల్సిన క్రాలర్లకీ.

మోటారు రకం కూడా చూడండి. కోర్‌లెస్ (లోపల ఇనుప కోర్ లేని మోటారు) చురుకైనది, కానీ స్టాల్‌లో కొన్ని సెకన్లు ఉంచితే కాలిపోతుంది. బ్రష్‌లెస్ ఎక్కువ కాలం ఉంటుంది, వేడి తక్కువ. వేడి తక్కువైతే పైన చెప్పిన నీళ్లు పీల్చే గొడవా తగ్గుతుంది. మధ్య కేసు అల్యూమినియందైతే వేడి త్వరగా బయటికి పోతుంది. పూర్తి ప్లాస్టిక్ కేసు వద్దు.

బురదబండి:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే 20 కేజీల దగ్గర ఆగిపోతాను. పెద్దది కావాలనుకుంటే కెపాసిటర్ పెట్టి నెట్టుకురావచ్చా, లేక విడిగా బీఈసీ తప్పదా? ఇంకోటి, కొత్త సర్వో షాఫ్ట్ 25 పళ్లది అని ఉంది, పాత హార్న్ దాని మీద కూర్చుంటుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఆంపియర్:
రిసీవర్‌లో ఖాళీ ఛానల్‌కి పెట్టే 4700 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ రెప్పపాటు వోల్టేజీ పడిపోతే మాత్రమే ఆదుకుంటుంది. చక్రం రాయికి ఆనుకుని అరసెకను ఆగితే అది ఖాళీ అయిపోతుంది. కాబట్టి అది బీఈసీకి బదులు కాదు. పెడితే ధ్రువాలు తారుమారు కాకుండా చూడండి.

విడి బీఈసీ అయితే పద్ధతి ఇది. దాని ఇన్‌పుట్ వైర్లు బ్యాటరీ వైర్లకి సమాంతరంగా కలపాలి, అవుట్‌పుట్ ప్లగ్ రిసీవర్ బ్యాటరీ స్లాట్‌లోకి. ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వచ్చే మూడు వైర్లలో ఎర్రదాని పిన్ను ప్లగ్‌లోంచి బయటికి లాగి టేపు చుట్టేయాలి. లేకపోతే రెండు బీఈసీలు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. ఇలా కలిపాక ఈఎస్‌సీ స్విచ్ ఆపినా రిసీవర్, సర్వో ఆగవు. పని అయిపోగానే బ్యాటరీ ప్లగ్ తీసేయాలి. 6కి మించి పెడితే రిసీవర్ ఎంత తట్టుకుంటుందో ముందే చూసుకోండి. 6 వోల్టుల సర్వోని 7.4 మీద నడిపితే మోటారు కాలిపోవచ్చు.

నట్టుబోల్టు:
హార్న్ సంగతి నేను చెబుతాను. పళ్ల లెక్క కంపెనీని బట్టి మారుతుంది: ఫుటాబా తరహా 25, హైటెక్‌లో ఎక్కువవి 24, జేఆర్, సాన్వా తరహా 23. చూపుకి తేడా తెలియదు. 24 హార్న్‌ని 25 షాఫ్ట్ మీద బలవంతంగా నొక్కితే ప్లాస్టిక్ హార్న్ కూర్చున్నట్టే ఉంటుంది, మొదటి గట్టి దెబ్బకి పళ్లన్నీ ఊడి గుండ్రంగా తిరుగుతుంది. చేత్తో సులువుగా దిగి, ఊగకుండా నిలబడితేనే అది సరైనది. అనుమానంగా ఉంటే పాత సర్వో షాఫ్ట్ మీద పళ్లకి ఒకదానికి మార్కరుతో చుక్క పెట్టి అక్కడి నుంచి లెక్కపెట్టండి.

మెటల్ హార్న్ వేయడానికి ముందు మీ బండిలో సర్వో సేవర్ (దెబ్బని మింగే స్ప్రింగు భాగం) ఎక్కడుందో చూడండి. బెల్‌క్రాంక్ (సర్వోకీ చక్రాలకీ మధ్య తిరిగే ఊత) మీద స్ప్రింగుతో ఉంటే సర్వో మీద గట్టి మెటల్ హార్న్ వేసుకోవచ్చు. సేవర్ హార్న్‌లోనే ఉన్న బండికి దాన్ని తీసి మెటల్ వేస్తే చక్రానికి తగిలే ప్రతి దెబ్బా నేరుగా గేర్ల మీదికి పోతుంది. గేర్లలో ఇత్తడివి ముందు పోతాయి, ఉక్కువి నిలబడతాయి. మరోవైపు సేవర్ స్ప్రింగు మరీ మెత్తగా ఉంటే 20 కేజీల సర్వో వేసినా బండి పాతదానిలాగే తిరుగుతుంది, ఎందుకంటే సర్వో తిప్పేది స్ప్రింగునే, చక్రాన్ని కాదు. బండి నేల మీద ఉంచి పూర్తిగా తిప్పండి. హార్న్ తిరిగి చక్రం వెనకబడితే సేవర్ కాలర్ అర చుట్టు చొప్పున బిగించి చూడండి.

బిగించే వరుస: సర్వో లింక్ (హార్న్‌ని స్టీరింగ్‌కి కలిపే కడ్డీ) ఊడదీసి ముందు చక్రాలని చేత్తో అటూ ఇటూ తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తుంటే కింగ్‌పిన్ బుష్షుల్లో మట్టి ఉంది, అది తీయకుండా సర్వో మార్చి లాభం లేదు. తర్వాత ట్రాన్స్‌మిటర్‌లో ట్రిమ్, సబ్‌ట్రిమ్ (సెంటర్‌ని కాస్త జరిపే సెట్టింగులు) సున్నా చేసి, బండి ఆన్ చేసి, సర్వో సెంటర్‌కి వచ్చాక లింక్‌కి 90 డిగ్రీలలో హార్న్ కూర్చోబెట్టండి. ఒక పన్ను తేడా ఉంటే మిగిలింది సబ్‌ట్రిమ్‌తో సరిచేయాలి, లింక్ వంచి కాదు. మెటల్ షాఫ్ట్ అయితే ఎం3 స్క్రూకి నీలం థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క.

చివర్న ఎండ్‌పాయింట్లు (సర్వో ఒక్కో వైపు ఎంతదాకా తిరగాలన్న హద్దులు). ఎక్కువ సర్వోలు కాలిపోయేది ఇది సరిగ్గా పెట్టకే. రెండు వైపులా 60 శాతానికి తగ్గించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి పట్టుకుని, 2 శాతం చొప్పున పెంచుతూ పోండి. చక్రం ఆగి సర్వో గుంయ్‌మంటే అక్కడి నుంచి 3, 4 శాతం వెనక్కి తగ్గించండి. ఎడమ, కుడి అంకెలు ఒకటే రానక్కర్లేదు. ఆ గుంయ్ శబ్దం సర్వో స్టాల్‌లో ఉందని చెప్పడమే, అంటే ప్రతి మలుపులోనూ వేడెక్కుతుంది, ఆ వేడి మీద నీళ్లలో దిగుతుంది.

గేర్‌బాక్స్:
సర్వో చేతికొచ్చాక బండిలో వేయకముందే లీకు పరీక్ష చేయండి. గిన్నెలో 45 డిగ్రీల దాకా గోరువెచ్చని నీళ్లు తీసుకోండి, సర్వో మామూలు వేడిలో ఉండాలి. ప్లగ్ బయటే ఉంచి సర్వోని ముంచి చూడండి. వేడికి లోపలి గాలి పెరిగి, ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి బుడగల వరుస వస్తుంది. పైన అంటుకున్న ఒకటి రెండు బుడగలు లెక్కలోకి రావు, ఆగకుండా వచ్చేదే లీకు. అర నిమిషంలో బయటికి తీసేయండి, నీళ్లలోనే చల్లారనిస్తే అదే సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. బుడగలొస్తే అడుగున ఉన్న నాలుగు పొడవాటి స్క్రూలని ఎదురెదురు మూలల వరుసలో బిగించి మళ్లీ చూడండి. అప్పటికీ వస్తే తిరిగి పంపేయండి.

షాఫ్ట్ దగ్గర హార్న్ తీసి, ఓ-రింగ్ చుట్టూ మెరైన్ గ్రీజు పూసి హార్న్ పెట్టండి. బయటికొచ్చిన గ్రీజే మట్టిని ఆపుతుంది. నాలుగైదు సార్లు తడిసాక పాతది తుడిచి కొత్తది పూయాలి, ఎందుకంటే ఇసుక కలిసిన గ్రీజు గరుకు కాగితంతో సమానం.

నడిపాక ప్రెషర్ నీళ్లు సర్వో మీద కొట్టకండి, ఐపీ67 పరీక్షలో నీటిధార ఉండదు. మగ్గుతో పోసి కడిగి, గుడ్డతో తుడిచి, గాలి తగిలే చోట పెట్టండి. ఉప్పునీళ్లు ఏ సీల్ ఉన్నా వద్దు.

బురదబండి:
పాత సర్వోకే సిలికాన్ పూసి స్పేర్‌గా ఉంచుకోవచ్చా?

గేర్‌బాక్స్:
బయట పూస్తే లోపలున్న తడి బయటికి రాదు, అంతే. పూయాలంటే ముందు విప్పాలి. గేర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకుని, బోర్డుని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఒక రోజు ఆరనిచ్చి, బోర్డుకి కన్ఫార్మల్ కోటింగ్ (తేమని ఆపే పల్చటి పూత) పూయండి. పాట్ మీదా మోటారు బ్రష్‌ల మీదా మాత్రం పడకూడదు. కానీ మీ దాంట్లో పోయింది పాటే కదా. ఇంత చేసినా వణుకు పోదు.

నట్టుబోల్టు:
పైన థ్రెడ్‌లాక్ గురించి చెప్పినదానికి ఒక సవరణ. హార్న్ ప్లాస్టిక్‌దైతే ఆ చుక్క వేయకండి. ద్రవం కారి హార్న్‌కి తగిలితే ప్లాస్టిక్ పెళుసెక్కి చీలుతుంది. అక్కడ స్క్రూ ఒక్కటీ గట్టిగా బిగించి, ప్రతిసారీ నడిపే ముందు చేత్తో కదిపి చూసుకుంటే చాలు.