పేరెంట్ క్లాసులోని ప్రైవేట్ ఫీల్డులు టేబుల్లోకి రావట్లేదు. ప్రొటెక్టెడ్ చేయాలా?

ప్రశ్న: మిర్చి_జావా

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ కోసం అప్లికేషన్ రాస్తున్నాను. స్ప్రింగ్ బూట్ 3, హైబర్నేట్ 6 (జావా ఆబ్జెక్టుల్ని డేటాబేస్ టేబుళ్లలో సేవ్ చేసే లైబ్రరీ), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. బస్తాలు లోపలికొస్తే ‘రాక’, బయటికెళ్తే ‘విడుదల’. రెండూ ఎంటిటీలే, అంటే డేటాబేస్ టేబుల్‌కి ముడిపెట్టిన క్లాసులే. ఎవరు ఎంటర్ చేశారు, ఎప్పుడు చేశారు అన్న ఫీల్డులు రెండింటికీ కావాలి కాబట్టి ‘బేస్‌రికార్డ్’ అనే అబ్‌స్ట్రాక్ట్ క్లాసులో ప్రైవేట్‌గా పెట్టి, రెండు క్లాసులూ దాన్ని ఎక్స్‌టెండ్ చేసేలా రాశాను. ఒక్కో రికార్డును గుర్తించే ఫీల్డుకి పెట్టే @ఐడీ మాత్రం చైల్డ్ క్లాసుల్లోనే ఉంది.

ఏ ఎర్రరూ రాదు, సేవ్ కూడా అవుతుంది. టేబుల్లో చూస్తే ఆ రెండు కాలమ్స్ లేవు. ప్రైవేట్ ఫీల్డులు ఇన్‌హెరిట్ కావు, ప్రొటెక్టెడ్ చెయ్యమని మా సీనియర్ చెప్పారు. చేసినా అంతే. పబ్లిక్ చేయడానికి నాకు మనసొప్పట్లేదు.

జవాబు: టెనాలి_డెవ్

బేస్‌రికార్డ్ మీద @మ్యాప్డ్‌సూపర్‌క్లాస్ పెట్టారా? పేరెంట్ ఫీల్డుల్ని కూడా చైల్డ్ టేబుల్లో కలపమని చెప్పే గుర్తు అది. లేకపోతే అదొక్కటి పెట్టి రన్ చేయండి.

జవాబు: పాతకోడ్

పై జవాబు సరైనదే. కారణం కూడా తెలిస్తే రేపు ఇంకో చోట ఇబ్బంది పడరు.

ముందు ఆ ఫీల్డుల్ని మళ్లీ ప్రైవేట్ చేసేయండి. చైల్డ్ ఆబ్జెక్టులో పేరెంట్ ప్రైవేట్ ఫీల్డులు కూడా ఉంటాయి. చైల్డ్ క్లాసు కోడ్ వాటిని నేరుగా పేరు పెట్టి వాడలేదు, అంతే. హైబర్నేట్ మీ కోడ్ లాగా చదవదు, రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రాం నడుస్తుండగా క్లాసు లోపలికి చూసే జావా సదుపాయం) తీసుకుంటుంది. దానికి ప్రైవేట్ అడ్డు కాదు. మీ దగ్గర జరిగింది వేరు: ఎంటిటీ కాని మామూలు పేరెంట్ క్లాసులోని డేటా సేవ్ కాదని జేపీఏ (హైబర్నేట్ పాటించే జావా ప్రమాణం) నియమం. అందుకే నోరు మెదపకుండా వదిలేసింది. @ఐడీ కూడా ఆ పేరెంట్‌లోనే ఉండుంటే, ఐడెంటిఫైయర్ లేదని అప్లికేషన్ స్టార్టప్‌లోనే ఆగిపోయేది, మీకు అప్పుడే తెలిసిపోయేది.

ఇంకో చోట జాగ్రత్త. చైల్డ్‌లో @ఐడీని ఫీల్డ్ మీద పెట్టారా, గెటర్ (ఫీల్డు విలువ తెచ్చిచ్చే మెథడ్) మీదా? గెటర్ మీద పెడితే ఆ కుటుంబం మొత్తానికీ ప్రాపర్టీ యాక్సెస్ (గెటర్ల ద్వారా చదవడం) వర్తిస్తుంది, బేస్‌రికార్డ్‌లో ఫీల్డుల మీద రాసిన @కాలమ్‌ను పట్టించుకోదు. అంతటా ఫీల్డుల మీదే రాయండి. ఎంటర్ చేసిన టైముకి సెటర్ కూడా అక్కర్లేదు, మొదటిసారి సేవ్ అయ్యే ముందు నడిచే @ప్రీపర్సిస్ట్ మెథడ్‌లో నింపండి. ఆ మెథడ్ ప్రైవేట్ అయినా పనిచేస్తుంది.

మిర్చి_జావా

కాలమ్స్ వచ్చాయండీ, చాలా థ్యాంక్స్! ఇప్పుడు ఓనర్ గారు రాకలు, విడుదలలు తేదీల వారీగా ఒకే లిస్టులో అడుగుతున్నారు. బేస్‌రికార్డ్ మీదే క్వెరీ రాయొచ్చా?

జవాబు: పాతకోడ్

రాయకండి. మ్యాప్డ్ సూపర్‌క్లాస్‌కి సొంత టేబుల్ ఉండదు. జేపీఏ లెక్కలో దాని మీద క్వెరీ లేదు, ఇంకో ఎంటిటీ దాన్ని @మెనీటువన్‌తో (పలు రికార్డుల నుంచి ఒకదానికి లింకు) పట్టుకోవడమూ కుదరదు. బేస్‌రికార్డ్‌ను అలాగే ఉంచి, దాని కింద ‘లావాదేవీ’ అని ఒక అబ్‌స్ట్రాక్ట్ ఎంటిటీ పెట్టండి. @ఐడీ, తేదీ, బస్తాల సంఖ్య అందులోకి తెచ్చి, రాక, విడుదల రెండూ దాన్ని ఎక్స్‌టెండ్ చేయాలి.

@ఇన్‌హెరిటెన్స్‌లో ఏమీ చెప్పకపోతే సింగిల్ టేబులే (రెండు క్లాసులకీ కలిపి ఒకే టేబుల్) వస్తుంది, ఏ వరుస ఏ క్లాసుదో డీటైప్ కాలమ్ చెప్తుంది. మీ రెండింటికీ తేడా కాలమ్స్ తక్కువే కాబట్టి నేనైతే అదే తీసుకుంటాను. చిక్కల్లా ఒకటే: విడుదలకి లారీ నంబరు తప్పనిసరి అయినా ఆ కాలమ్‌ను నాట్ నల్ (ఖాళీగా ఉండకూడదన్న నియమం) చేయలేరు, రాక వరుసల్లో అది ఖాళీగా ఉంటుంది కదా. పోస్ట్‌గ్రెస్‌లో డీటైప్‌ను చూసే చెక్ కన్‌స్ట్రెయింట్ (డేటాబేసే సరిచూసే షరతు) పెట్టండి.

ప్రైవేట్ అన్నది నిజంగా ఇబ్బంది పెట్టేది రెండు ఆబ్జెక్టులు ఒకటేనా అని చూసే ఈక్వల్స్ మెథడ్‌లో. రసీదు ఎంటిటీ లావాదేవీని లేజీగా (అవసరమైనప్పుడే లోడ్ అయ్యేలా) పట్టుకుంటే మీ చేతికొచ్చేది ప్రాక్సీ, అంటే అసలు ఆబ్జెక్టుకు బదులు నిలబడే డమ్మీ. ఈక్వల్స్‌లో ‘అదర్.ఐడీ’ అని రాస్తే, అదే క్లాసు కాబట్టి కంపైలర్ ఒప్పుకుంటుంది. కానీ అది ప్రాక్సీ సొంత ఖాళీ ఫీల్డు, నల్ వస్తుంది. ఒకే లావాదేవీ రెండు వేర్వేరుగా కనిపిస్తుంది. ‘అదర్.గెట్‌ఐడీ()’ అనే పిలవండి. ఆ గెటర్ ఫైనల్ కాకూడదు, ఫైనల్ అయితే ప్రాక్సీ దాన్ని ఓవర్‌రైడ్ చేయలేదు, మళ్లీ నల్లే. ఆ ప్రాక్సీ లావాదేవీకి సబ్‌క్లాసే తప్ప విడుదలకి కాదు. అందుకే ‘ఇన్‌స్టన్స్‌ఆఫ్ విడుదల’ ఫాల్స్ ఇస్తుంది. ముందు హైబర్నేట్.అన్‌ప్రాక్సీతో వెనకున్న అసలు ఆబ్జెక్టును తీసుకుని చూడండి.

ఈ మార్పులు చేసేటప్పుడు ఇంకో మాట: పాత వరుసలు ఉన్న టేబుల్‌కి కొత్త కాలమ్‌ను డిఫాల్ట్ లేకుండా నేరుగా నాట్ నల్‌గా జోడిస్తే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. ముందు ఖాళీకి వీలిచ్చి జోడించి, అప్‌డేట్‌తో నింపి, ఆ తర్వాత నాట్ నల్ చేయండి.