మామిడి తొక్క, టెంక: బయోగ్యాస్‌కా, పశువుల మేతకా?

గుడిపాల గట్టు:
చిత్తూరు, గుడిపాల, బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి పల్ప్ (గుజ్జు) ఫ్యాక్టరీలు జూన్, జూలైలో రేయింబవళ్లు నడుస్తాయి. రోజుకు 100 టన్నుల తోతాపురి దించుకునే ఫ్యాక్టరీలో సుమారు 40 టన్నులు తొక్క, టెంక, పీచుగా మిగులుతుంది. అందులో ఇంచుమించు సగం తొక్కే. దాన్ని ట్రాక్టర్లకెత్తి రోడ్డు పక్క గుంతల్లో, చెరువు కట్టల కింద పోస్తే రెండో రోజుకే పులిసి ఊట కారుతుంది. ఆ ఊట బావిలోకి దిగితే నీళ్లు నోట పెట్టలేం. ప్రతి ఫ్యాక్టరీకీ బయోగ్యాస్ ప్లాంటు తప్పనిసరి చేయాలంటాను. కాదనేవాళ్లు లెక్కతో చెప్పండి.

పాడి లెక్క:
20 టన్నుల తొక్కకు అంతే నీళ్లు కలిపితే రోజుకు 40 ఘనపు మీటర్లు. 30 రోజులు లోపల నిలవాలంటే 1200 ఘనపు మీటర్ల ట్యాంకు కావాలి. తొక్కలో ఎండు పదార్థం ఐదో వంతే. అందుకే గ్యాస్ రోజుకు 1400 ఘనపు మీటర్లకు అటూఇటుగా వస్తుంది. వేడిలో అది రెండు టన్నుల కట్టెలతో సమానం. రెండు టన్నుల కట్టెల కోసం, అదీ రెండు నెలల సీజనుకు, అంత ట్యాంకు కట్టి మిగతా పది నెలలు ఏం పోస్తారు అన్నా?
అదే తొక్కను సైలేజ్ (గాలి తగలకుండా పులియబెట్టిన పాతర మేత) చేస్తే పాడి రైతుకు ఎండాకాలం మేత. పచ్చి తొక్కలో నీరు 80 శాతం, అలాగే గుంతలో వేస్తే కుళ్లుతుంది. 100 కిలోల తొక్కకు 20-25 కిలోల నరికిన వరిగడ్డి కలిపితే తేమ 67 శాతానికి దిగుతుంది. పొరపొరకూ ట్రాక్టరుతో తొక్కించి, గాలి చొరకుండా పట్ట కప్పి, 45 రోజులు కదపకూడదు. తెరిచినప్పుడు పులుపు వాసన, పసుపు రంగు ఉంటే బాగున్నట్టు. నల్లబడి, బూజు పట్టి, వెన్న కుళ్లిన వాసన వస్తే తొక్కించడం చాల్లేదనో, తేమ ఎక్కువైందనో అర్థం. ఆ భాగం పశువుకు వేయొద్దు.

డైజెస్టర్ మేస్త్రి:
మీ లెక్క ఒప్పుకుంటాను, కానీ బయోగ్యాస్‌ను అప్పుడే కొట్టిపారేయకండి. ప్లాంట్లు మూతపడేది సైజు వల్ల కంటే పుల్లబడడం వల్ల. తొక్కలోని చక్కెర గంటల్లో ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లాన్ని మీథేన్‌గా మార్చే సూక్ష్మజీవులు నిదానంగా పెరుగుతాయి. సీజను తొలిరోజే 20 టన్నులు పోస్తే వారంలో పీహెచ్ 6 కిందికి పడుతుంది, గ్యాస్ మంట అంటుకోదు, పైన నురగ లేస్తుంది. అప్పుడు కంగారుపడి సున్నం గుమ్మరిస్తారు. ఆ సున్నం గ్యాసులోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి డోములో పీడనం తగ్గిస్తుంది, బయటి గాలి లోపలికి లాగుతుంది. ట్యాంకు అడుగున గారగా పేరుకుంటుంది కూడా. సోడా ఉప్పు కొద్దికొద్దిగా వేయడం మేలు.
అసలు పద్ధతి: సీజనుకు నెల ముందే పేడ నీళ్లతో ట్యాంకు నింపాలి. తొక్క నాలుగో వంతుతో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల్లో పూర్తి మోతాదుకు రావాలి. రోజూ ఆమ్లానికీ క్షారతకూ నిష్పత్తి చూడాలి. 0.3 లోపుంటే పోయొచ్చు, 0.4 దాటితే ఆ రోజు తొక్క ఆపేయాలి. సీఐపీ (యంత్రాలను విప్పకుండానే లోపల కడగడం) కడుగుడులో వచ్చే కాస్టిక్ నీళ్లు ఈ ట్యాంకులోకి రానే రాకూడదు. అవి ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు) తొలి ట్యాంకుకే పోవాలి.
ఇక సైజు సంగతి. 60 రోజుల తొక్క 1200 టన్నులు. దాన్ని గుంతలో నిలవచేసి 300 రోజులకు పంచితే రోజుకు 4 టన్నులే, 240 ఘనపు మీటర్ల ట్యాంకు చాలు. గుంతలో కారే ఊట గ్యాసుకు మంచి మేత, దాన్నీ పంపుతో ట్యాంకుకు తోడొచ్చు. నా దృష్టిలో గుంత, గ్యాస్ ట్యాంకు రెండూ ఒకే పనిలో భాగాలు.

గుడిపాల గట్టు:
ఇది నచ్చింది. కానీ సీజను కాని రోజుల్లో ఆ గ్యాసు ఎవరికి?

డైజెస్టర్ మేస్త్రి:
జామ, బొప్పాయి, టమోటా గుజ్జు తీసే ఫ్యాక్టరీ అయితే బాయిలరుకే. మామిడితోనే ఆగిపోయే ఫ్యాక్టరీకి జనరేటరు పెట్టుకోవాలి. అప్పుడు గ్యాసును ఇనుప రజను గుండా పంపి హైడ్రోజన్ సల్ఫైడ్ తీసేయాలి, లేకపోతే ఇంజను తినేస్తుంది.

బాయిలర్ గది:
అందరూ తొక్క దగ్గరే ఉన్నారు. టెంకను డీస్టోనరు (టెంక వేరుచేసే యంత్రం) దగ్గరే వేరే కన్వేయరుపై పట్టుకోండి, తొక్కతో కలిస్తే రెండూ చెడతాయి. గుజ్జు అంటిన టెంకను పచ్చిగా బాయిలర్లో వేస్తే మంట కుంగి నల్ల పొగ వస్తుంది. పండు వ్యర్థాల బూడిదలో పొటాషియం ఎక్కువ. గ్రేటు (బాయిలర్లో మంట కింది ఇనుప జల్లెడ) మీద కరిగి గట్టి ముద్దలు కడుతుంది, కొట్టి తీయాల్సి వస్తుంది. ఎండిన పెంకునే వేరుశనగ పొట్టుతో కలిపి వాడండి.
లోపలి జీడి పారేయడం దండగ. ఎండు జీడిలో కొవ్వు 8-12 శాతం ఉంటుంది. చాక్లెట్లలో కోకో వెన్నకు బదులుగా యూరప్ అనుమతించిన ఆరు కొవ్వుల్లో ఇదొకటి. శాతం తక్కువ కాబట్టి గానుగ పనికిరాదు, హెక్సేన్ అనే ద్రావకంతో తీయాలి. జూలై జల్లుల్లో కుప్పగా వదిలిన టెంకను పగలగొట్టి చూడండి: తెల్లగా ఉండాల్సిన జీడి బూడిద రంగులో మెత్తబడి ఉంటుంది. దాని కొవ్వు ఆమ్లమెక్కి కొనేవాడు తిప్పిపంపుతాడు, అఫ్లాటాక్సిన్ (బూజు విషం) ప్రమాదమూ ఉంది. కడిగి, రెండు రోజుల్లో డ్రయరుకు ఎక్కించాలి.

గుడిపాల గట్టు:
పాడి లెక్క గారూ, 20 టన్నుల తొక్కకు రోజుకు నాలుగైదు టన్నుల గడ్డి కావాలన్నమాట. కరువు ఏడాదిలో అంత గడ్డి ఎక్కడిది? మామిడికి కొట్టే మందులు, కల్టార్ (పూత కోసం వాడే మందు) సంగతి కూడా చెప్పండి.

పాడి లెక్క:
గడ్డి లేనప్పుడు మొక్కజొన్న చొప్ప, వేరుశనగ కట్టె (కాయలు తీసిన మొక్క) వాడొచ్చు. కట్టెతో మాంసకృత్తులూ పెరుగుతాయి. అందరికీ సరిపడా మాత్రం దొరకదు, అది నిజం. దొరికినంత తొక్కకే సైలేజ్, మిగతాది మేస్త్రి గారి గుంతకు. మందుల భయం న్యాయమైనదే. ప్రతి బ్యాచ్ నుంచీ నమూనా తీసి అవశేషాల పరీక్షకు పంపి, ఫలితం వచ్చాకే అమ్మాలి. ఆవుకు రోజుకు 2 కిలోలతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచాలి. పచ్చి తొక్క ఒక్కసారిగా పడితే కడుపు పులిసి, పారుడు పట్టి, పాలు తగ్గిపోతాయి. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం మీకు దగ్గరే. మొదటి గుంత తెరిచే ముందు అక్కడి పోషణ విభాగం వాళ్లకు నమూనా చూపించండి.