లాడ్ బజార్ గాజులు: ఫోన్ ఫొటోలో రంగు ఎందుకు మారిపోతోంది?

అందరికీ నమస్కారం. మా వదిన చార్మినార్ పక్కన లాడ్ బజార్ నుంచి లక్క గాజులు తెచ్చి వాట్సాప్‌లో అమ్ముతుంది. ఫొటోలు తీసే పని నాది. నాది మామూలు ఆండ్రాయిడ్ ఫోనే. కొత్తది కొనమని మాత్రం చెప్పకండి!

కొట్లో ఎల్‌ఈడీ లైట్ల కింద తీస్తే ఫొటో మీద అడ్డంగా నల్లటి చారలు వచ్చేవి. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి; అందుకే ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునే మోడ్) షట్టర్ వేగం సెకనులో 1/100 వంతు పెడితే అవి చాలావరకు పోయాయి. అసలు తంటా రంగుతోనే. మెరూన్ గాజు టమాటా రంగులో పడుతోంది. అద్దం ముక్కల దగ్గరైతే తెల్లటి మచ్చ తప్ప పనితనమే కనబడదు. స్క్రీన్ మీద నొక్కి వెలుతురు తగ్గిస్తే అద్దాలు తేరుకుంటాయి, లక్క మాత్రం నల్లబడిపోతుంది.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా పడేలా రంగులు సరిచేసే సెట్టింగ్) ఎన్ని కెల్విన్ల (వెలుతురు రంగుకు కొలత) దగ్గర పెట్టాలి? పక్కన తెల్ల కాగితం పెట్టి సరిచేసుకోవచ్చా? ఇంట్లో కిటికీ దగ్గర తీద్దామంటే మాది ఇరుకు గల్లీ, ఎండ పడేది మధ్యాహ్నం కాసేపే. అప్పుడు పల్చటి తెల్ల పంచె అడ్డం కడితే సరిపోతుందా, వెలుతురు తిప్పికొట్టడానికి ఎదురుగా థర్మాకోల్ షీటు కూడా పెట్టాలా? రంగు తేడా అంటూ గాజులు వెనక్కి పంపేవాళ్లతో వదిన విసిగిపోయింది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.