సమస్యాపూరణం: బ్యాంకు మునిగినదని రైతు పరవశించె

నాగావళి (నిర్వహణ), శ్రీకాకుళం:
ఈ వారం సమస్య తేటగీతి అనే నాలుగు పాదాల పద్యానికి చివరి పాదం. వింతగా కనబడే ఈ మాట పొసిగేలా ముందు మూడు పాదాలూ మీరు రాయాలి.

బ్యాంకు మునిగినదని రైతు పరవశించె

డబ్బు దాచుకున్న చోటు మునిగితే రైతుకు ఆనందం ఎలా కలుగుతుందన్నదే చిక్కు. బ్యాంకుకు ఇంగ్లిషులో ఇంకో అర్థం ఉందని గుర్తు పెట్టుకోండి. పద్యంలో ఇంగ్లిషు మాట ఏమిటని అడిగేవారికి ముందే చెబుతున్నాను. వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మన పర్వతాలపేటలోనే. జనం నోట నలిగిన మాటను పద్యంలోకి రానివ్వడానికి మనకు సంకోచం ఉండకూడదు.

వంశధార తీరం:
గురువుగారూ, నా పూరణ.

వంశధారకు వరదలు వచ్చి పోయె
ఒండ్రు మట్టిని పొలములందుంచి వెళ్ళె
ఎరువు లేకయె వరి పండు నింక ననుచు
బ్యాంకు మునిగినదని రైతు పరవశించె

నాగావళి:
బాగుంది. ఏటి గట్టు అనే అర్థాన్ని పట్టుకున్నారు. తెలుగులో గట్టును ఎవరూ బ్యాంకు అనరు కాబట్టి, ఆ అర్థం వైపు చదివేవాణ్ణి నడిపించే పని ముందు పాదాలే చెయ్యాలి. మొదటి పాదంలోనే నదిని, వరదని తెచ్చారు కనుక సందేహం మిగల్లేదు. మూడో పాదంలో ‘అనుచు’, నాలుగో పాదంలో ‘అని’ రెండూ ఒకే పని చేస్తున్నాయి, ఒకటి దండగ. ‘ఎరువు లేకయె వరి పండు నింక మీద’ అని మార్చి చూడండి. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొంతన, చెదరదు.

కళింగపట్నం:
ఛందస్సు సంగతి అలా ఉంచండి, నాకు భావంతోనే పేచీ. వరద దిగాక ఎప్పుడూ ఒండ్రే మిగలదు. ప్రవాహం జోరుగా ఉంటే ఇసుక మేట వేస్తుంది, దాన్ని ఎత్తి పోయించడానికి రైతుకు బోలెడు ఖర్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత వంశధార ఎలా పొంగిందో మా వేపు వాళ్లెవరూ మరచిపోలేదు. గట్టు మునిగిందని ఇక్కడ పరవశించే రైతు నాకు కనబడడు.

నాగావళి:
మీ బాధ న్యాయమైనది. నీరు నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగితే సన్నటి బురద నిలుస్తుంది, ఉరవడిగా వస్తే ఇసుక పడుతుంది. కవి మొదటి రకం వరదను చెప్పారు. ‘వచ్చి పోయె’ అన్న మాటలో ఆ నెమ్మది ఇంకొంచెం కనబడితే మీ ఆక్షేపణకు చోటుండదు.

గజపతినగరం కుర్రాడు:
సార్, ఇది నా మొదటి ప్రయత్నం. టెన్షన్‌గా ఉంది.

అప్పు తీర్చని వాడికి హాయి కలిగె
రుణము మాఫీయె యగునంచు లోన మురిసె
పల్లె యెల్లయు తిరిగెను వేడ్క మీర
బ్యాంకు మునిగినదని రైతు పరవశించె

నాగావళి:
నాయనా, గణాలన్నీ కుదిరాయి. మొదటి ప్రయత్నానికి అది చిన్న విషయం కాదు. రెండో పాదంలో ర, లకు యతి వేసిన తీరు ముచ్చటగా ఉంది. మూడో పాదంలో యతి తప్పింది: ‘ప’లో అకారం, ‘వే’లో ఏకారం, ఈ రెండు అచ్చులకు మైత్రి లేదు. ‘పల్లె యెల్లయు తిరిగెను పరుగులిడుచు’ అంటే సరిపోతుంది.
అంతకంటే పెద్ద లోపం భావంలో ఉంది. బ్యాంకు మునిగితే అప్పు మునగదు. దాన్ని ఎవరు చేజిక్కించుకుంటే వారు, లేదా ఆస్తులు అమ్మిపెట్టడానికి నియమించిన అధికారి, బాకీ వసూలు చేస్తారు. ఇబ్బంది డబ్బు దాచుకున్నవారికే. 2020 నుంచి వారికి డిపాజిట్ బీమా 5 లక్షల దాకా ఉంది. కాబట్టి నీ రైతు పొరపాటుపడి మురిసిపోతున్నాడు. ఆ పొరపాటును పద్యంలోనే చెప్పగలిగితే మంచి పూరణ అవుతుంది.

బొబ్బిలి వీణ:
నమస్కారమండీ. నేను ఏటి దగ్గరా ఆగలేదు, డబ్బు దగ్గరా ఆగలేదు. ఆ మాట పుట్టిన చోటికే వెళ్లాను.

షావుకారుకు నడవలో సన్నబల్ల
అప్పు పత్రము లన్నియు నందె దాచె
ఏరు పొంగెను రాతిరి యింటిలోకి
బ్యాంకు మునిగినదని రైతు పరవశించె

కళింగపట్నం:
బల్లను బ్యాంకు అని ఎలా అంటామమ్మా?

నాగావళి:
అక్కడే ఉంది దీని అందం. డబ్బుకు సంబంధించిన బ్యాంకు ఇటాలియన్ ‘బాంకా’ నుంచి ఫ్రెంచి దారిన పదిహేనో శతాబ్దం చివర ఇంగ్లిషులోకి వచ్చింది. బాంకా అంటే బల్ల. ఇటలీ ఊళ్లలో నాణేలు మార్చేవారు దాని వెనక కూర్చుని వ్యాపారం చేసేవారు. దివాలాకు ఇంగ్లిషులో చెప్పే బ్యాంక్రప్ట్‌కు మూలం ‘బాంకా రొట్టా’, విరిగిన బల్ల అని అర్థం. ఏటి గట్టు అనే అర్థం అంతకు చాలా ముందే, 1200 ప్రాంతంలోనే, స్కాండినేవియా జనం మాట నుంచి ఇంగ్లిషులో చేరింది. ఇటాలియన్ మాట కూడా అంతకు ముందు జర్మానిక్ భాషల నుంచి తెచ్చుకున్నదే కనుక గట్టూ డబ్బూ వెనక్కి వెళితే ఒకే మూలానికి చేరతాయి. మన బడుల్లోని బెంచీ ఆ వంశానిదే.
అయితే ఈ చరిత్ర తెలియనివాడికీ వీణగారి పద్యం అర్థమవుతుంది. పత్రాలన్నీ ఒక బల్లలో ఉంటే ఊరి జనానికి ఆ బల్లే బ్యాంకు. కాగితాలు తడిసి సిరా చెరిగిపోయిందని ఆమె చెప్పలేదు, రైతు పరవశంతో మనకే తెలిసిపోతుంది. మొదటి పూరణకు ఇంగ్లిషు అర్థం తెలిసి తీరాలి, దీనికి అక్కర్లేదు. నా లెక్కలో ఈ వారం ఇదే మేలైన పూరణ.

కళింగపట్నం:
ఒప్పుకున్నాను. ఆ వరద నాకూ నచ్చింది.

వంశధార తీరం:
అమ్మా, అద్భుతం. గురువుగారూ, నా మొదటి పాదం ఇలా మార్చాను: ‘వంశధారయు మెల్లగ వచ్చి పోయె’. రెండో పాదం అలాగే ఉంచాను. మూడో దానికి మీ సవరణే తీసుకున్నాను.

నాగావళి:
‘వరద’ అన్న మాట పోయింది కదా! ఏరు మెల్లగా వచ్చి పోవడమంటే ఏమిటో తెలియదు. ‘వంశధారకు మెల్లగ వరద వచ్చె’ అనండి. యతి నిలుస్తుంది, కళింగపట్నం గారు అడిగిన నెమ్మదీ వస్తుంది.