పోయినేడు విన్న తిమింగలం పాట ఈ ఏడు వినపడలేదు, ఎందుకు?

సముద్రపుగాలి:
మేం బ్రిస్బేన్‌లో ఉంటాం. ఏటా సెప్టెంబర్‌లో మూలూలబా వెళ్లి తిమింగలాలు చూసే బోటెక్కుతాం. మొన్న బోటువాళ్లు ఇంజన్ ఆపేసి నీళ్లలోకి హైడ్రోఫోన్ (నీటిలో శబ్దాలు వినిపించే మైకు) దించారు. స్పీకర్లో ముందు పాత తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది, ఆ వెంటనే దూడ తల్లి కోసం అరిచినట్టు. మా పెద్దమ్మాయి ఊపిరి బిగబట్టి వింది. ఇంటికొచ్చాక ఫోన్‌లో ఉన్న పోయినేటి రికార్డింగ్ పెట్టి చూస్తే రెంటికీ పోలికే లేదు! కాకి గూట్లో పెరిగినా కోకిల కోకిలలాగే కూస్తుంది కదా, వీటి పాట కూడా అలా పుట్టుకతో వచ్చేదే అనుకున్నాను. మరి ఎలా మారింది? తెలిసినవాళ్లు చెప్పండి.

నీలితరంగం:
అవి హంప్‌బ్యాక్ జాతి తిమింగలాలండీ. మగవే పాడతాయి. ఒక ప్రాంతంలో మగవన్నీ దాదాపు ఒకే పాట పాడతాయి, దాన్నే ఏటా కాస్త కాస్త మార్చుకుంటూ పోతాయి. అదే అయ్యుంటుంది.

అలలసడి:
కాస్త మారితే పాత బాణీ ఆనవాలు తెలిసేదండీ. ఆవిడ పోలికే లేదంటున్నారు, అంటే పాత పాటను వదిలేసి కొత్తది ఎత్తుకున్నాయేమో. ఈ వింతను పట్టుకున్నది మీ తూర్పు తీరంలోనే. 1995, 1996ల్లో మైఖేల్ నోడ్ అనే పరిశోధకుడి బృందం 82 తిమింగలాల పాటలు రికార్డు చేస్తే 80 ఒకటే పాడాయి, రెండు మాత్రం వేరే పాట. తీరా చూస్తే అది పశ్చిమ ఆస్ట్రేలియా వైపు, హిందూ మహాసముద్రం గుంపుది. 1998కల్లా తూర్పున అందరి నోటా ఆ పాటే! 80 పాడేదాన్ని రెండు పాడేది తుడిచిపెట్టేసింది. చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఎలెన్ గార్లాండ్ బృందం 1998 నుంచి 2008 దాకా రికార్డయిన 775 పాటల్ని పోల్చి చూసింది. తూర్పు ఆస్ట్రేలియాలో మొదలైన పాట పసిఫిక్‌లోని న్యూ కలెడోనియా, టోంగా, కుక్ దీవుల మీదుగా తూర్పుకే నడిచి, రెండేళ్లలో ఫ్రెంచ్ పాలినేషియా చేరింది. ఆస్ట్రేలియా గుంపు పెద్దది కాబట్టి దాని పాటదే పైచేయి అవుతోందని పరిశోధకుల అంచనా.

సముద్రపుగాలి:
ఒక గుంపు పాట ఇంకో గుంపు చెవిన ఎక్కడ పడుతుందండీ? అవి పిల్లల్ని కనే చోట్లు వేరువేరు కదా?

అలలసడి:
మేతకు అన్నీ అంటార్కిటికా వైపే పోతాయి, అక్కడ కలవచ్చు. దారిలోనూ కలుస్తాయి. న్యూజిలాండ్‌కి ఉత్తరాన కెర్మాడెక్ దీవుల దగ్గర వేరువేరు గుంపుల పాటలు ఒకే చోట వినపడ్డాయి. ఒక ముక్కను పదే పదే పాడి తర్వాతి ముక్కకు వెళ్తాయి కాబట్టి, పక్కన ఈదేవాడికి పట్టుబడటం తేలికేమో, ఇది నా ఊహ. మీ రికార్డింగ్‌లో ఒక ముక్క ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి చూడండి.

సముద్రపుగాలి:
రాత్రి అన్నం తిన్నాక ఇద్దరం ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకుని కూర్చున్నాం. దూడ అరుపు వరసగా ఏడుసార్లు, ఆ తర్వాత మళ్లీ తలుపు కిర్రు. పోయినేటి దాంట్లో దూడ అరుపు ఒక్కసారి కూడా లేదు. అమ్మాయి నోట్‌బుక్‌లో ఏడు గీతలు గీసి, పైన తేదీ వేసి, ‘దూడ పాట’ అని పేరు పెట్టింది.