51 ఏళ్లు, టెస్టింగ్ ఉద్యోగం: రెజ్యూమెలో పాత అనుభవం ఉంచాలా?

హైదరాబాద్‌లో టెస్ట్ మేనేజర్‌గా చేశాను, బ్యాంకింగ్ డొమైన్, 26 ఏళ్ల అనుభవం. మార్చిలో అమెరికా క్లయింట్ బడ్జెట్ తగ్గించడంతో ప్రాజెక్టు పోయింది, దాంతోపాటు నేనూ. నౌకరీ జాబ్ సైట్‌లో ప్రొఫైల్ అప్‌డేట్ చేస్తూనే ఉన్నా. పాత కొలీగ్స్ రిఫరల్స్ అయిపోయాయి. సెలీనియం, ప్లేరైట్ అనే ఆటోమేషన్ టెస్టింగ్ టూల్స్ నేర్చుకున్నా. జీతం 38 లక్షల నుంచి 20కి దిగుతానన్నా.

కాల్స్ రాక కాదు. ఎంసీఏ ఏ సంవత్సరం అని అడుగుతారు, 1998 అనగానే ‘మళ్లీ చేస్తాం సార్’. ఆ ‘సార్’తోనే అర్థమైపోతుంది.

ఈపీఎస్ (పీఎఫ్‌తో వచ్చే పెన్షన్ స్కీమ్) పెన్షన్ ఇప్పుడే తీసుకోవచ్చు గానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత, అందుకే ముట్టుకోలేదు.

తొలి పదిహేనేళ్లు రెజ్యూమెలోంచి తీసేయమని ఒక కన్సల్టెంట్ అంటున్నారు. వెరిఫికేషన్‌లో యూఏఎన్ (పీఎఫ్ నంబర్) సర్వీస్ హిస్టరీ చూస్తే దాచానంటారేమోనని నా భయం.

45 దాటాక ఈమధ్య ఉద్యోగం దొరికినవాళ్లు చెప్పండి: పాత అనుభవం, డిగ్రీ సంవత్సరం ఉంచారా, తీసేశారా?