కొలరాడోలో ఎల్క్ వేట, మజిల్ లోడర్‌కి ఏ బుల్లెట్ తీసుకోవాలి?

పటమటవాడు:
అందరికీ నమస్తే అండి. మాది విజయవాడ పటమట, ఉండేది డెన్వర్‌లో, సెలవులకి ఇంటికొచ్చా. ఈసారి డ్రాలో ఆడ ఎల్క్‌ని (పెద్ద జాతి జింక) మజిల్ లోడర్‌తో, అంటే గొట్టం నోటి నుంచి మందు, గుండు దట్టించే తుపాకితో, వేటాడే ట్యాగ్ (పర్మిట్) తగిలింది, సెప్టెంబర్‌లో వెళ్లాలి. గన్ 50 కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం) ఇన్‌లైన్, అంటే మందుకి సూటిగా వెనక నుంచి నిప్పు తగిలే రకం, ట్విస్ట్ 1:28, అంటే గొట్టం లోపలి మెలికల గాడి 28 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుంది. ఇన్నాళ్లూ రేంజ్‌లో సాబో (బుల్లెట్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) వేసిన 250 గ్రెయిన్ (చిన్న తూకం లెక్క) బుల్లెట్లు, పెల్లెట్ (బిళ్లల్లా చేసిన) తుపాకి మందు వాడా, బాగానే పడుతున్నాయి, తీరా రూల్స్ చూస్తే ఆ సీజన్‌లో రెండూ కుదరవంట. మా తాతగారికి నందిగామ దగ్గర చేలో పందుల కోసం లైసెన్స్ ఉన్న నాటు తుపాకి ఉండేది, నల్ల తుపాకి మందు పోసి గుండు దించి కడ్డీతో దట్టించేవారు. నాన్నగారు అది గుర్తుచేసుకుని గుండు ఎంత బరువుంటే అంత మంచిదిరా అంటున్నారు. నిజమేనా? కొన్నాక ఒక బుల్లెట్ తెచ్చి ఆయనకి చూపిద్దామని కూడా ఉంది.

బ్రాడీపేట్ 4వ లైన్:
తమ్ముడూ కంగ్రాట్స్. నేను అక్కడే మూడు సీజన్లు చేశా. నువ్వు చదివింది కరెక్టే, సాబో వద్దు, పెల్లెట్లు వద్దు, స్మోక్‌లెస్ (పొగ రాని మందు) అసలే వద్దు, లూజ్ పౌడరే (విడి పొడి మందు). ఎల్క్‌కి 50 కాలిబర్‌కి తగ్గకూడదు కాబట్టి నీ గన్ ఓకే. గన్ మీద గురి చూసుకునే సైట్ల సంగతి మాత్రం ఈ ఏడాది పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ (కొలరాడో వన్యప్రాణి శాఖ) వాళ్ల బ్రోచర్‌లో ఇంకోసారి చూసుకో.

మీ తాతగారు వాడిన లాంటి గుండ్రటి గుండు 50 కాలిబర్‌లో 177 గ్రెయిన్లే ఉంటుంది, అంటే 11 గ్రాముల పైచిలుకు. దానికి 1:60 లాంటి నెమ్మది ట్విస్ట్ కావాలి. నీ 1:28 బ్యారెల్‌కి ఫుల్ బోర్ కోనికల్, అంటే తొడుగు లేకుండా గొట్టానికి సరిపడే పొడుగాటి బుల్లెట్, సరిపోతుంది, 350 నుంచి 460 గ్రెయిన్ల మధ్య దొరుకుతాయి.

కానీ బరువు కన్నా ముందు చూడాల్సింది బ్యారెల్లో ఎంత బిగువుగా కూర్చుంటుందో. ఇది నాకు అనుభవమే. మొదటి ఏడాది తీసుకున్నవి కొంచెం వదులు, చేత్తో నెడితేనే దిగిపోయేవి, సుఖంగా ఉందిలే అనుకున్నా, గన్ నోరు కిందకి పెట్టి కొండ దిగి సాయంత్రం కడ్డీ వేసి చూస్తే దాని మీద లోడ్ చేసినప్పుడు పెట్టిన గుర్తు రెండంగుళాలు పైకి ఉంది, బుల్లెట్ మందు మీంచి జారి ముందుకొచ్చేసింది. ఆ ఖాళీతో పేలిస్తే బ్యారెల్ ఉబ్బొచ్చు, చీలిపోవచ్చు కూడా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే రెండు మూడు డయామీటర్లు తెప్పించుకుని, కడ్డీతో కాస్త బలంగా తోస్తే దిగేది ఉంచుకో. లోడ్ చేశాక కడ్డీ మీద గీత పెట్టుకుని గంటకోసారి చూడు.

మంగళగిరి రాణి:
అన్నగారు చెప్పిన బిగువు విషయం వంద శాతం కరెక్ట్. మీ నాన్నగారు అన్న బరువు దగ్గర మాత్రం నేను ఒప్పుకోను, 460 అంటే భుజం అదిరిపోతుంది, పైగా నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి 100 గజాలు దాటితే బాగా కిందకి పడుతుంది, అడవిలో దూరం అంచనా తప్పితే కాలికి తగులుతుంది, పాపం ఆ జంతువు ఎక్కడికో పోయి చస్తుంది. ఆడ ఎల్క్‌కి 350 చాలండి. మెత్తటి సీసం బుల్లెట్‌కి మందు ఎక్కువేసి దగ్గర్నుంచి కొడితే పైపైనే విచ్చుకుపోతుంది, మావారికి 40 గజాల్లో అలాగే భుజం ఎముక దగ్గర ఆగిపోయింది, రెండోసారి కొట్టాల్సొచ్చింది. పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగి, ముందుకాలి వెనక ఊపిరితిత్తులకి కొట్టండి, అవతలికి వెళ్లిపోతే రక్తం జాడ బాగా దొరుకుతుంది. పొగ వల్ల ఎటు పరిగెత్తిందో కనిపించదు కదా, ఆ జాడే ఆధారం.

ఇంకోటి, పెల్లెట్లకి అలవాటు పడ్డారు కాబట్టి చెప్తున్నా, లూజ్ పౌడర్‌లో గ్రెయిన్లంటే చాలావాటికి కొలత గొట్టం లెక్క, కాటా లెక్క కాదు. ఆ డబ్బా మీద, గన్ బుక్‌లో ఏం రాశారో చూసి పోయండి.

కొత్తపేట గుంటూరు:
బుల్లెట్ ఇంటికి తెచ్చే ఆలోచన మానుకో బాబూ, దయచేసి. బ్యాగులో మర్చిపోయిన ఒక్క తూటా దొరికినా ఎయిర్‌పోర్ట్‌లో కేసు పెడుతున్నారు. 1959 ఆర్మ్స్ యాక్ట్‌లో తూటా అంటే దాని విడిభాగాలు కూడా వస్తాయి, మందు లేని ఉత్త సీసం ముక్కేగా అంటే అక్కడ ఎవరూ వినరు. నాన్నగారికి వీడియో కాల్‌లో చూపించు. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు, ఊరికి తెచ్చే బ్యాగు వేరువేరుగా పెట్టుకో.

పటమటవాడు:
చాలా థ్యాంక్స్ అండి అందరికీ. తీసుకురాను, మా బ్యాక్‌ప్యాక్ కూడా రేంజ్‌కి వెళ్లిందే, ఇప్పుడే జేబులన్నీ దులిపి చూశా, ఏం లేవు. వెళ్లగానే 350లో రెండు డయామీటర్లు తెప్పించి ఆగస్టు అంతా 50, 75, 100 గజాల్లో కొట్టి చూస్తా. కడ్డీ మీద గీత సంగతి నాన్నగారికి చెప్తే, తాతగారు కూడా కడ్డీకి దారం చుట్టి చూసుకునేవారని అన్నారు.